నెట్ పోయింది సరే, ఎక్కడ పోయింది?

కరెంటు పోగానే ఎవరైనా ముందు చేసే పని కిటికీలోంచి పక్కింటి వైపు చూడటం. వాళ్లకీ లేకపోతే మన చేతిలో ఏమీ లేదని ఊరుకుంటాం. వాళ్లకుండి మనకి లేకపోతే ఫ్యూజు సంగతి చూస్తాం. ఇంటర్నెట్ పోయినప్పుడు మాత్రం ఆ ఒక్క చూపు చూడాలని తోచదు. రౌటర్ ఆపి వేస్తాం, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తాం, ఎవరో ఎప్పుడో చెప్పిన సెట్టింగ్ ఒకటి మారుస్తాం. అరగంటకి నెట్ వస్తుంది. వీటిలో ఏది పనిచేసిందో తెలియదు. అసలు మనం చేసినదాని వల్లే వచ్చిందో, దానంతటదే వచ్చిందో కూడా తెలియదు. మళ్లీ పోతే మళ్లీ అదే అరగంట.

బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకోవాలంటే మన అభ్యర్థన చాలా చేతులు మారాలి. కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు నుంచి వైఫై ద్వారానో కేబుల్ ద్వారానో రౌటర్‌కి, అక్కడి నుంచి ఫైబర్ పెట్టెకో మోడెమ్‌కో, దాని నుంచి కనెక్షన్ ఇచ్చిన కంపెనీ పరికరాలకి వెళ్లాలి. ఈలోగా ఆ వెబ్‌సైట్ పేరుకి సరైన అడ్రస్ ఏదో ఎవరో ఒకరు చెప్పాలి. చివరికి అవతల ఉన్న సర్వర్ బతికి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తెగినా మనకి కనిపించేది దాదాపు ఒకటే: తెరుచుకోని పేజీ. అందుకే బాగుచేయడం తర్వాత సంగతి, ముందు ఎక్కడ తెగిందో తేల్చుకోవాలి. ఆ పనికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇంకెవరికి పోయింది?

అదే వైఫైకి కలిపి ఉన్న ఫోన్‌లో ఒక కొత్త పేజీ తెరిచి చూడండి. అయితే ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయాలి. వైఫైలో నెట్ లేదని గ్రహించగానే చాలా ఫోన్లు గుట్టుచప్పుడు కాకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. "ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లోనే రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటి వెనక ఉన్నది ఇదే. డేటా ఆపాక కూడా ఫోన్‌లో వస్తోందంటే రౌటర్‌నీ, కంపెనీనీ అనుమానించాల్సిన పనిలేదు. సమస్య మీ కంప్యూటర్‌లోనో, దాన్ని రౌటర్‌కి కలిపే దారిలోనో ఉంది. రెండింట్లోనూ రావట్లేదంటే కంప్యూటర్ జోలికి పోవద్దు.

మూడో రకం ఒకటుంది. అన్నీ వస్తూ ఒక్క సైటో, ఒక్క యాపో పనిచేయదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్‌లో నిర్వహణ పని జరుగుతుండగా ఇచ్చిన ఒక కమాండ్ వల్ల వాళ్ల డేటా సెంటర్ల మధ్య లింకులు తెగాయి. దాంతో వాళ్ల సైట్ల పేర్లకి అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ సర్వర్లకి వెళ్లే దారులు ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. ఆ ఆరు గంటల్లో ఇంట్లో రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా ఒరిగేదేమీ లేదు. ఇంకో రెండు మూడు సైట్లు తెరిచి చూస్తే ఆ సంగతి నిమిషంలో తెలిసిపోయేది.

విండోస్‌లో గడియారం పక్కన కనిపించే "నో ఇంటర్నెట్" గుర్తుని కూడా వేదవాక్కులా తీసుకోనక్కర్లేదు. అది ఎలా వస్తుందో తెలిస్తే దాని హద్దులు తెలుస్తాయి. విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉన్న ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌ని తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. అందులో ఉండేది "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అనే మూడు మాటలే. అవి వస్తే నెట్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు లెక్క. ఆ ఒక్క ఫైల్‌కి వీపీఎన్నో (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా రహస్యంగా నడిపే యాప్), ఆఫీసు ఫైర్‌వాలో (రాకపోకల్ని వడగట్టే కాపలా) అడ్డుపడితే నెట్ చక్కగా ఉన్నా గుర్తు మాత్రం లేదనే చెబుతుంది. హోటళ్లలో, విమానాశ్రయాల్లో వైఫైకి కలవగానే లాగిన్ పేజీ దానంతటదే తెరుచుకోవడం కూడా ఈ పరీక్ష చలవే. ఆ మూడు మాటల బదులు ఇంకేదో వచ్చిందంటే మధ్యలో ఎవరో ఆపి లాగిన్ అడుగుతున్నారని కంప్యూటర్ గ్రహిస్తుంది.

లైట్లు, వైర్లు, వైఫై గీతలు

ఇంట్లో ఎవరికీ నెట్ రావట్లేదంటే లేచి రౌటర్ దగ్గరికి వెళ్లండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఆ పెట్టె మీద "ఎల్ఓఎస్" అనే లైటు ఒకటుంటుంది. అది ఎర్రగా వెలుగుతోందంటే బయటి నుంచి కాంతి సంకేతం మీ పెట్టె దాకా రావట్లేదన్నమాట. సెట్టింగులు మార్చి దాన్ని ఎవరూ బాగుచేయలేరు. మీరు చూడగలిగేది ఒక్కటే: ఆ సన్నటి ఫైబర్ తీగ ఎక్కడైనా గట్టిగా మడతపడిందా, సోఫా కింద నలిగిందా, పెట్టెలో దిగిన చోట వదులైందా అని. లోపల ఉన్నది గాజు. బాగా వంచితే కాంతి పక్కలకి కారిపోతుంది. తీగని ఊడదీసి కొసలోకి కన్నుపెట్టి చూడటం మాత్రం వద్దు. అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి కనపడదు కానీ కంటికి హాని చేయగలదు. ఎల్ఓఎస్ ఆరిపోయి ఉండి, "పాన్" అనే లైటు నిలకడగా వెలగకుండా మిణుకుమిణుకుమంటుంటే, కాంతి వస్తోంది కానీ అవతలి పరికరం మీ పెట్టెని ఇంకా ఒప్పుకోలేదని అర్థం. ఇదీ కంపెనీవాళ్ల పనే.

కేబుల్‌తో కలిపిన కంప్యూటర్లలో ఎక్కువ తంటా తెచ్చేది కేబుల్ కొసన ఉండే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు. అది విరిగితే ప్లగ్గు పట్టు తప్పి, కుర్చీ జరిగినప్పుడల్లా నెట్ పోతూ వస్తూ ఉంటుంది. కేబుల్ లోపల నాలుగు జతల రాగి తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి, 100 మెగాబిట్లకి రెండు చాలు. అందుకే ఒక జత దెబ్బతింటే నెట్ పూర్తిగా పోకుండా, వేగం 100 దగ్గర ఆగిపోవచ్చు. "పెద్ద ప్లాన్ తీసుకున్నా 95 దాటట్లేదు" అంటే ప్లాన్‌ని తిట్టే ముందు కేబుల్ మార్చి చూడాలి.

ఇక వైఫై. గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోతే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ గీతలు చెప్పేది మీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య సిగ్నల్ ఎంత బలంగా ఉందన్నది మాత్రమే. రౌటర్ అవతల ఏముందో వాటికి తెలియదు. బయట ఫైబర్ తెగినా గీతలు నిండుగానే ఉంటాయి.

వైఫైలోనే తేడా ఉందేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి ఒక కేబుల్ తెచ్చి కంప్యూటర్‌ని నేరుగా రౌటర్‌కి కలిపితే చాలు. దాంతో వచ్చిందంటే దోషం గాల్లో ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ దూరం పోతుంది, గోడల్ని దాటుతుంది. కానీ అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ల రౌటర్లు ఆ మూడింటి కోసమే పోట్లాడుకుంటుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది. ఏదైనా వేడి చేసినప్పుడల్లా వీడియో కాల్ ఆగిపోతోందంటే అది భ్రమేమీ కాదు. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే ఈ గోల తగ్గుతుంది, కాకపోతే రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ నీరసపడుతుంది.

కంప్యూటర్‌కి అడ్రస్ దొరికిందా?

లైట్లన్నీ బాగున్నాయి, ఫోన్‌లో నెట్ వస్తోంది, కంప్యూటర్‌లోనే రావట్లేదు. అప్పుడు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "ఐపీకాన్ఫిగ్" (ipconfig) కమాండ్ ఇవ్వండి. మ్యాక్‌లో అయితే సెట్టింగుల్లో నెట్‌వర్క్ పేజీలోనే కనిపిస్తుంది. చూడాల్సినవి రెండే: ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్‌ని గుర్తించే అంకెలు), డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్).

అడ్రస్ 192.168తోనో, 10తోనో మొదలైతే సాధారణంగా రౌటర్ ఇచ్చినట్టే. 169.254తో మొదలైతే మాత్రం కథ వేరు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకొక అడ్రస్ ఇవ్వండి" అని కేక వేస్తుంది. రౌటర్‌లో ఉండే డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు దానికి జవాబిస్తుంది. ఎవరూ జవాబివ్వకపోతే కంప్యూటర్ తనంతట తానే 169.254 వరసలో ఒక అడ్రస్ పెట్టేసుకుంటుంది. దాంతో బయటికి పోలేదు. ఆ అంకె కనిపించగానే వెబ్‌సైట్లు, బ్రౌజర్లు, యాంటీవైరస్‌లు అన్నీ మర్చిపోవచ్చు. కంప్యూటర్‌కి రౌటర్‌తో మాటే కలవలేదు. కేబుల్ సరిగా లేకపోవచ్చు, రౌటర్‌లో ఆ డీహెచ్‌సీపీ ఆగి ఉండొచ్చు. వైఫైని తీసేసి మళ్లీ కలిపితే కంప్యూటర్ మళ్లీ అడుగుతుంది.

దీనికి తిరగేసిన సమస్య ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో వస్తుంది. ఆఫీసులో ఎవరో చేత్తో స్థిరమైన అడ్రస్ పెట్టి ఉంటారు. దాన్ని ఇంటికి తెచ్చి కలిపితే ఇంటి రౌటర్ ఒక వరసలో, ల్యాప్‌టాప్ ఇంకో వరసలో ఉంటాయి. ఐపీ సెట్టింగ్‌ని ఆటోమేటిక్‌కి మారిస్తే చాలు. మార్చే ముందు పాత అంకెలు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆఫీసుకి వెళ్లాక అవసరపడతాయి.

అడ్రస్ బాగుంటే ఇప్పుడు పింగ్ (ping), అంటే ఒక అడ్రస్‌కి చిన్న సందేశం పంపి జవాబు వస్తుందేమో చూసే కమాండ్. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తన నెట్‌వర్క్‌లో వచ్చిన ఒక తేడాని వెతకడానికి ఈ చిన్న ప్రోగ్రామ్ రాశాడు. జలాంతర్గాముల సోనార్ చేసే శబ్దం పేరే దీనికి పెట్టాడు. నలభై ఏళ్లు దాటినా దీన్ని మించిన పనిముట్టు మనలాంటివాళ్లకి అవసరపడలేదు. ముందు గేట్‌వే అడ్రస్‌ని పింగ్ చేయండి. జవాబు వస్తే రౌటర్ దాకా దారి బాగుంది. తర్వాత 8.8.8.8ని పింగ్ చేయండి. ఇది గూగుల్ నడిపే డీఎన్ఎస్ సర్వర్, పేరుతో పనిలేకుండా అంకెలతోనే చేరొచ్చు. దాని నుంచి జవాబు వస్తే బయటి ప్రపంచం దాకా దారి ఉంది. ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుని పింగ్ చేయండి. అంకెలకి జవాబు వచ్చి, పేరు దగ్గర "దొరకలేదు" అంటే తెగింది డీఎన్ఎస్.

ఒక జాగ్రత్త: కొన్ని సర్వర్లు, కొన్ని ఆఫీసు ఫైర్‌వాల్‌లు పింగ్‌కి కావాలనే జవాబివ్వవు. జవాబు వస్తే దారి ఉన్నట్టు ఖాయం. రాకపోతే మాత్రం వెంటనే లేదని తీర్మానించకుండా ఇంకొకదాన్ని అడగాలి.

పేర్ల చిక్కు

ఇంటర్నెట్ తొలి రోజుల్లో కంప్యూటర్ల పేర్లు, వాటి అడ్రస్‌లు అన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి. అమెరికాలో ఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ జాబితాని చూసుకునేది. అందరూ అక్కడి నుంచే కాపీ తెచ్చుకునేవాళ్లు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది కుదరక 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించాడు. జాబితాని ఒక్క చోట కాకుండా ప్రపంచమంతా పంచిపెట్టే పద్ధతి అది. ఆ పాత ఫైల్ వారసుడు "హోస్ట్స్" పేరుతో ఇవాళ్టికీ మీ కంప్యూటర్‌లో ఉంది. అందులో ఏదైనా పేరు రాసి ఉంటే కంప్యూటర్ డీఎన్ఎస్‌ని అడక్కుండా దాన్నే నమ్ముతుంది. కొన్ని వైరస్‌లు అందులో వేలు పెట్టేది అందుకే. ఒక్క కంప్యూటర్‌లో, ఒక్క సైట్ మాత్రమే తెరుచుకోకపోతే ఆ ఫైల్‌ని ఓసారి తెరిచి చూడటం మంచిది.

డీఎన్ఎస్ పోయిందనిపిస్తే, ఇంట్లో అయితే కంప్యూటర్ సెట్టింగుల్లో 8.8.8.8 గానీ, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 గానీ పెట్టి చూడొచ్చు. వెంటనే వచ్చిందంటే మీకు కనెక్షన్ ఇచ్చిన కంపెనీ డీఎన్ఎస్ సర్వర్ మొరాయిస్తోందని తేలిపోతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం ఈ పని చేయొద్దు. ఆఫీసు లోపలి సర్వర్లు, ప్రింటర్ల పేర్లు ఆఫీసు డీఎన్ఎస్‌కి మాత్రమే తెలుసు. బయటి సర్వర్ పెట్టుకుంటే వెబ్‌సైట్లు వస్తాయి కానీ ఫైల్ సర్వర్ కనపడదు. ఒక ఫిర్యాదు పోయి ఇంకో ఫిర్యాదు మొదలవుతుంది.

పింగ్‌లన్నీ బాగున్నాయి, పేర్లు కూడా దొరుకుతున్నాయి, అయినా బ్రౌజర్‌లో ఏదీ తెరుచుకోదు. అప్పుడు నేనైతే ముందు ప్రాక్సీ సెట్టింగ్ (బ్రౌజర్‌ని మధ్యలో ఇంకో సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) చూస్తాను. ఎప్పుడో ఆఫీసు కోసమో, ఏదో సాఫ్ట్‌వేర్ వల్లనో ఆన్ అయిన ప్రాక్సీ అలాగే ఉండిపోతే బ్రౌజర్ లేని దారిలో పోతూ ఉంటుంది. తర్వాత చూడాల్సింది వీపీఎన్. కొన్ని వీపీఎన్ యాప్‌లలో, అది తెగిపోతే మొత్తం నెట్‌నే ఆపేసే రక్షణ ఏర్పాటు ఉంటుంది. యాప్ మూసేసినా ఆ తాళం మిగిలిపోవచ్చు. ఇంకొకటి ఎవరూ ఊహించనిది, కంప్యూటర్ తేదీ. సురక్షిత సైట్లన్నీ సర్టిఫికెట్ చూపిస్తాయి, దానికి గడువు ఉంటుంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతే, ఆ సర్టిఫికెట్లేవీ ఇంకా మొదలవ్వనట్టే బ్రౌజర్ లెక్కేస్తుంది. అన్ని సైట్లలోనూ ఎర్రటి హెచ్చరిక కనిపిస్తే ముందు గడియారం చూడండి.

ఆఫీసులో అయితే

ఆఫీసు నెట్‌వర్క్‌కి దాని జబ్బులు దానికున్నాయి. వాటిలో చాలావాటికి కారణం ఎవరో మంచి ఉద్దేశంతో చేసిన పని. తన బల్ల దగ్గర వైఫై సరిగా రావట్లేదని ఒకరు ఇంటి నుంచి చిన్న రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కి కలుపుతారు. ఆ కేబుల్‌ని రౌటర్‌కి ఇంట్లోని పరికరాల్ని కలిపే ల్యాన్ పోర్టులో తగిలించారంటే ఆ రౌటర్ కూడా అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. ఆ పూట నుంచి కొందరికి సరైన అడ్రస్, కొందరికి తప్పుడు అడ్రస్. కొందరికి నెట్ ఉంటుంది, పక్క సీటులో ఉండదు. ఇంకొకరు నేల మీద వదిలేసిన కేబుల్ కొసని చూసి, పాపం ఊడిపోయిందనుకుని, దాని రెండో కొస ఉన్న స్విచ్‌లోనే (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) గుచ్చుతారు. డేటా అక్కడే గిరగిరా తిరుగుతూ పెరిగి పెరిగి ఆ అంతస్తు మొత్తాన్ని ఆపేస్తుంది. ఈ చుట్టుని పసిగట్టి తెంచే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ 1985లోనే తయారుచేసింది. కానీ చవక స్విచ్‌లలో అది ఉండదు.

ఇంకో సంగతి: చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో మామూలుగా ఉండేవి 254 అడ్రస్‌లు. మనిషికో ల్యాప్‌టాప్, ఫోను, మధ్యలో టీవీలు, కెమెరాలు, ప్రింటర్లు. వచ్చి వెళ్లిపోయినవాళ్ల ఫోన్ల పేరు మీద కూడా అడ్రస్‌లు గడువు తీరేదాకా ఆగి ఉంటాయి. ఉదయం ముందొచ్చినవాళ్లకి నెట్ వచ్చి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి 169.254 కనిపిస్తోందంటే అడ్రస్‌లు అయిపోయాయేమో చూడమని ఐటీవాళ్లకి చెప్పండి. ఆఫీసులో మీరు చేయగలిగిన గొప్ప సాయం సరైన కబురు చెప్పడమే. "నెట్ రావట్లేదు" అనే కంటే "మా వరసలో నలుగురికి లేదు, గేట్‌వే పింగ్ అవుతోంది, బయటికి పోవట్లేదు" అంటే వాళ్ల పని సగం అయిపోతుంది.

రీస్టార్ట్, రీసెట్ ఒకటి కావు

రీస్టార్ట్ చేస్తే నెట్ రావడం వెనక మాయేమీ లేదు. రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. ఎవరి కనెక్షన్ ఏ దారిలో పోతోందో పట్టిక రాసుకుంటూ ఉంటుంది. పట్టిక నిండిపోయినా, జ్ఞాపకశక్తి చాలకపోయినా తడబడుతుంది. ఆపి అర నిమిషం ఆగి వేస్తే అన్నీ ఖాళీ చేసుకుని మొదలుపెడుతుంది. ఫైబర్ పెట్టె, రౌటర్ వేరువేరుగా ఉంటే ముందు పెట్టెని వేసి, దాని లైట్లు కుదుటపడ్డాక రౌటర్‌ని వేయాలి. కాకపోతే రీస్టార్ట్ చేయగానే సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే లైట్ల ఫొటో, పింగ్ ఫలితం తీసుకున్నాకే ఆ పని చేయమంటాను.

విండోస్‌లో ఇంకో మెలిక ఉంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పూర్తిగా కొత్తగా మొదలైనట్టు అనుకుంటాం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే అది పాత స్థితిలో కొంత భాగాన్ని దాచుకుని మళ్లీ దాన్నే తెస్తుంది. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే మెనూలో రీస్టార్టే నొక్కాలి.

రౌటర్ వెనక సూదితో నొక్కే చిన్న రంధ్రం మాత్రం వేరే వ్యవహారం. అది రీసెట్. కాసేపు నొక్కి పట్టుకుంటే వైఫై పేరు, పాస్‌వర్డ్‌లతో పాటు కంపెనీవాళ్లు కనెక్షన్ కోసం పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. అవి మీ దగ్గర రాసి లేకపోతే మనిషి వచ్చేదాకా నెట్ లేదు. ఉన్న చిన్న సమస్యని పెద్దది చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

వస్తూ పోతూ ఉంటే

అన్నింటికంటే విసుగు పుట్టించేది ఇదే. పూర్తిగా పోతే దొరుకుతుంది. మెకానిక్ వచ్చినప్పుడు బాగుండి, వెళ్లగానే పోయేది దొరకదు. ఇక్కడ పింగ్‌ని కాపలా పెట్టాలి. రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో గేట్‌వేని, రెండోదాంట్లో 8.8.8.8ని ఆగకుండా పింగ్ చేయించండి. విండోస్‌లో దానికి కమాండ్ చివర హైఫన్, టీ (-t) చేర్చాలి. మ్యాక్‌లో దానంతటదే ఆగకుండా నడుస్తుంది. వాటిని అలా వదిలేసి మీ పని చేసుకోండి. నెట్ పోయినప్పుడు రెండు విండోలూ ఆగిపోతే తేడా కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఉంది. వైఫైని, కేబుల్‌ని అనుమానించాలి. కరెంటు ఆదా చేయడానికి నెట్‌వర్క్ కార్డుని కంప్యూటరే ఆపేసే సెట్టింగ్‌ని కూడా డివైస్ మేనేజర్‌లో చూడాలి. మొదటిది నడుస్తూ రెండోది మాత్రమే ఆగితే తేడా రౌటర్ అవతల ఉంది.

రెండూ ఆగకుండా, 8.8.8.8 జవాబు మాత్రం 20 మిల్లీసెకన్ల నుంచి ఒక్కసారిగా 500, 800కి ఎగబాకుతుంటే లైన్ తెగలేదు, కిక్కిరిసింది. ఇంట్లో ఎవరి ఫోనో వేల ఫొటోలని క్లౌడ్‌కి ఎక్కిస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది. వీడియో కాల్‌లో గొంతు ముక్కలైపోయేది ఇలాంటప్పుడే.

కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుని, కొన్ని మాత్రం సగంలో వేలాడుతూ ఉంటే ప్యాకెట్ (డేటాని విడగొట్టి పంపే ముక్క) సైజు గురించి ఆలోచించాలి. ప్యాకెట్ మామూలుగా 1500 బైట్ల దాకా ఉండొచ్చు. యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్లలో 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతాయి. రౌటర్‌లో ప్యాకెట్ గరిష్ఠ సైజుని చెప్పే ఎంటీయూ అనే విలువ 1500గా ఉండిపోతే, పెద్ద ప్యాకెట్లు దారిలో ఎక్కడో పడిపోవచ్చు. రౌటర్ సెట్టింగుల్లో దాన్ని 1492 చేసి చూడటం రెండు నిమిషాల పని.

తేడా బయటే ఉందని తేలాక కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు రెండు మూడు రోజుల్లో ఏ రోజు, ఏ సమయానికి, ఎంతసేపు పోయిందో రాసిన కాగితం ముందు పెట్టుకోండి. కేబుల్‌తో కలిపి చూశారనీ, అప్పుడు గేట్‌వే పింగ్ ఆగలేదనీ, ఎల్ఓఎస్ లైటు ఎలా ఉందో కూడా చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి. వాళ్లు రౌటర్ రీస్టార్ట్ చేయమనే అంటారు. చేయండి, కానీ పింగ్ విండోలు మూయకుండా చేయండి.